పొయ్యి పక్కన మూడు కుండలు

కొడకండ్లలో ఎవరింట్లో పాదు పెట్టాలన్నా మొదటి గింజ లీలావతి చేతి మీదుగానే భూమిలో పడాలి. అది ఊరి నమ్మకం, లీలావతి నమ్మకం కూడా. దామోదర్ పటేల్ భార్యగా కన్నా చేతివాసి గల మనిషిగానే ఆమెకు పేరెక్కువ. శివరాత్రికి పది రోజుల ముందు నుంచే పిలుపులు మొదలయ్యేవి. ఆమె తలస్నానం చేసి, ఉత్త చేతులతో పోతే మర్యాద కాదని పనిమనిషి లచ్చి నెత్తిన మాగిన పెంట ఎరువు గంప పెట్టించి బయలుదేరేది. తూర్పుకు తిరిగి మూడు బీరగింజలు పెట్టి, తెచ్చిన పెంట చుట్టూ చల్లించి వచ్చేది. ఆ పాదులు నిజంగానే పందిళ్లు కప్పేసేవి. తొలి కాయ ఆమె గడపకు చేరేది. పటేలింట్లో బీరకాయలకు కరువా? ఆ కాయలు కూరకు కాదు, అరుగు మీద వరుసగా పేర్చి వచ్చేపోయేవాళ్లకు చూపించడానికి.

ఇరవై ఏళ్లు ఈ వైభవం నడిచింది. ఆ తర్వాత హాజిరా బీ వచ్చింది.

పంతొమ్మిది వందల అరవై తొమ్మిది తెలంగాణ గొడవల్లో బస్సులు బందై జనం కాలినడకన తిరుగుతున్నప్పుడు గఫార్ అనే అతను ఊరి మొదట్లో చాయ్ హోటల్ పెట్టాడు. హాజిరా అతని భార్య, పుట్టిల్లు మానుకోట. వాళ్లకున్నది ఒక్క గది, దాని ముందు చాపంత జాగా. గొడ్డూ గోదా ఏమీ లేదు. అలాంటి మనిషి ఆ జాగాలో కాకరపాదు పెడితే అది గోడెక్కి, పెంకులెక్కి, పక్కింటి రామి దడి మీదికీ పాకింది. మరుసటి ఏడు రామి తన పాదుకు లీలావతిని పిలవలేదు, హాజిరాను పిలిచింది. హాజిరా ఓ డబ్బాలో కొంత నల్లమట్టి తెచ్చి, గింజలు పెట్టి, ఆ మట్టి కప్పి పోయింది. రెండు నెలలకు ఆకుల కింద రామి దడే కనిపించలేదు.

అప్పటి నుంచి లీలావతి కళ్లలో నిప్పులు పోసుకుంది. ఆ ఏడు ఒక్క ఇల్లు పోయింది, పై ఏడు అయిదిళ్లు, నాలుగో ఏటికి సగం ఊరు. అరుగు మీద కూర్చుంటే హాజిరా ఇంటికి పోయే తొలి కాయలు తన కళ్లముందు నుంచే పోయేవి. చాయ్ నీళ్లు అమ్ముకునేదానికి ఆ చేయి ఎక్కడి నుంచి వచ్చిందని లీలావతి లచ్చిని నిలదీసేది, లచ్చే తెచ్చి ఇచ్చినట్టు. తన చేతికే ఏదో అయిందనుకుని శనివారాలు ఒక్కపొద్దు పట్టింది. దిష్టి తీయించుకుంది. దామోదర్ ఓసారి గఫార్ చాయ్ బాగుంటుందన్నాడని రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆయనకు ఆ రెండు రోజులూ బాగానే గడిచాయని గిట్టనివాళ్లు అంటారు.

డెబ్భై అయిదు పుష్యమాసంలో హాజిరాకు జ్వరం వచ్చింది. మూడో రోజు లీలావతి పరామర్శకు వెళ్లింది. ఉన్నమాట చెప్పుకోవాలంటే, శివరాత్రి నాటికి ఆ మనిషి లేస్తుందో లేదో చూసి రావడానికి వెళ్లింది.

గఫార్ హోటల్ దగ్గర ఉన్నాడు. హాజిరా బొంత కప్పుకుని పడుకుంది. లీలావతిని చూసి ఆమె ముఖం వికసించింది.

“మంచిగ వచ్చినవక్కా. ఇయ్యాల కుండలు మార్చే రోజు. నాకేమో లేవొస్తలేదు. జర నువ్వు మార్చరాదు?”

పొయ్యి పక్కన, గోడకు ఆనించి మూడు కుండలున్నాయి, అందులో ఒకటి ఖాళీది. అంచులు పగిలినవి, అడుగున సన్నటి చిల్లులు, మీద గోనెపట్టా. ఏం చేయాలో హాజిరా పడుకునే చెప్పింది. హోటల్లో వాడేసిన చాయ్‌పత్తి, ఉల్లిపొట్టు, కూరగాయల చెక్కులు ఒక గుప్పెడు వేస్తే, దాని మీద ఎండుటాకులు, మట్టి ఒక గుప్పెడు వేయాలి. నీళ్లు చిలకరించాలే తప్ప పోయొద్దు. చలికాలంలో బయట పోస్తే తొందరగా మాగదు, పైగా కోళ్లు చిమ్మిపోస్తాయి. పొయ్యి పక్కనైతే ఆ వెచ్చదనానికి రెండు నెలల్లో నల్లబడుతుంది. వారానికోసారి మాత్రం గాలి తగిలేలా ఒక కుండలోది ఖాళీ కుండలోకి గుమ్మరించాలి.

లీలావతి చెంగు దోపుకుని కుండలో చేయి పెట్టింది. లోపల గోరువెచ్చగా ఉంది. గుమ్మరిస్తే అడుగున ఉన్నదంతా నల్లగా, పొడిపొడిగా రాలింది. తొలకరి వాన పడ్డ నేల వాసన వచ్చింది. డబ్బాలో ఇంటింటికీ పోయిన నల్లమట్టి అదే. అంటే చేయి కాదన్నమాట! నాలుగేళ్ల కడుపుమంట ఒక్కసారిగా చల్లారింది. ఆమె రెండు కుండలూ శ్రద్ధగా మార్చింది, చేతులు కడుక్కుని జావ కాచి ఇచ్చింది. హాజిరాతో ఆమె అంత ప్రేమగా ఎన్నడూ మాట్లాడలేదు.

మర్నాడు పొద్దున చేదబావి దగ్గర ఎనిమిది మంది ఆడవాళ్ల ముందు ఆ సంగతి బయటపెట్టింది.

“హాజిరా చేతిల ఏం లేదు. పొయ్యి పక్కన కుండలల్ల చెత్త మాగబెడ్తది, గంతే. అదేస్తే ఎవలు గింజ పెట్టినా పాదు పాకుతది.”

బొక్కెన లాగుతున్న రామి ఆగి, నిజంగానే తెలుసుకుందామని అడిగింది. “గట్లయితే పటేలమ్మా, నీ ఎంబడి లచ్చి మోసుకొచ్చే గంపల పెంట సుత గంతేనా?”

ఇన్నేళ్లలో ఆ గంప సంగతి లీలావతికి ఒక్కనాడూ తోచలేదు. తాను చెడ్డ కోతి వనమెల్లా చెరిచిందంటారు. ఇక్కడ వనం చెరపబోయి కోతే చెడింది.

ఆ శివరాత్రికి ఇద్దరినీ ఎవరూ పిలవలేదు. ఆడవాళ్లు హాజిరా దగ్గర తలా గుప్పెడు నల్లమట్టి అడిగి తెచ్చుకుని, ఎవరి గింజ వాళ్లే పెట్టుకున్నారు. అందరి పాదులూ పాకాయి. ఒక్కదాని మీద ఏడ్చే లీలావతి ఇప్పుడు ఊరందరి మీదా ఏడవాల్సి వచ్చింది. అయినా అలవాటు కొద్దీ ఆ పది రోజులూ తలస్నానం చేసి అరుగు మీద కూర్చుంది. వీధి చివర హాజిరా కూడా తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని, డబ్బా పక్కన పెట్టుకుని గడపలో కూర్చునుంది. తనకు జరిగిందే దానికీ జరిగిందని లీలావతికి మొదట తృప్తిగానే అనిపించింది. నాలుగో రోజుకు ఆ తృప్తీ పోయింది. అటు చూడటం మానేసింది.

మళ్లీ చలికాలం వచ్చేసరికి ఇంటింటా పొయ్యి పక్కన ఓ పగిలిన కుండ చేరింది. శివరాత్రి ముందు ఒకరోజు హాజిరా నేరుగా పటేలింటికి వచ్చింది. గొడవకు వచ్చిందనుకుని లీలావతి ఏడాదిగా కూడబెట్టుకున్న జవాబులన్నీ సిద్ధం చేసుకుంది.

“అక్కా, రేపు పొద్దుగాల నా కాకరపాదు పెట్టేదున్నది. తొలి గింజ నువ్వే పెట్టాలె.”

“చేతిల ఏం లేదని నేనే చెప్తిని గదనే.”

“లేకుంటే లేకపాయె. పిలిస్తే ఎట్లుంటదో నాకెరుక. ఈ ఊర్ల నన్ను పనికి గాక మర్యాదకు పిలిచింది గా నాలుగేండ్లే. నువ్వు రా.”

కూడబెట్టిన జవాబుల్లో ఒక్కటీ దీనికి పనికిరాలేదు. మర్నాడు లీలావతి తలస్నానం చేసి, గంప లేకుండా ఒక్కతే వెళ్లి, ఆ చాపంత జాగాలో మూడు గింజలు పెట్టింది. హాజిరా కుండలోని నల్లమట్టి తెచ్చి పైన కప్పింది.

తిరిగి వస్తూ లీలావతి ఆలోచించింది. తన అరుగుకూ ఆ గడపకూ మధ్య రెండు వందల అడుగులైనా లేవు. ఏడాది పొడుగునా ఎప్పుడైనా వెళ్లి, “హాజిరా, నా బీరపాదుకు తొలి గింజ నువ్వు పెట్టు” అని తనే అనుండొచ్చు. ఆ మాట తనకు తోచలేదు, హాజిరాకు తోచింది. అది తలుచుకునేసరికి ఆమెకు మళ్లీ కడుపు మండింది.