అర్థమైందని సంతకం

మా మేనమామను పెళ్ళిళ్ళ రిజిస్ట్రేషన్ ఆఫీసులో అందరూ దుబాసీగారనే పిలిచేవారు. అక్కడే టైపిస్టుగా చేరిన నేనూ అలాగే పిలవాలి. పొరపాటున 'మామయ్యా' అంటే కళ్ళెర్రజేసేవాడు. ఇంట్లో నోరు మెదపని మనిషి. "మాటలన్నీ ఆఫీసులోనే ఖర్చుపెట్టి వస్తారు" అని అత్తయ్య దెప్పేది.

"నాకున్న అధికారంతో మిమ్మల్ని భార్యాభర్తలుగా ప్రకటిస్తున్నాను" అని రిజిస్ట్రారుగారు అనగానే మామయ్య అదే మాట ఇంగ్లీషులో, వెంటనే జర్మన్‌లో అనేవాడు. 'ఆయన అంటున్నారు' అని చేర్చడు. ఎవరు ఏడ్చినా, తిట్టినా, వాళ్ళ 'నేను' ఈయన నోట కూడా 'నేనే'. ఆ అధికారమేదో తనదే అయినట్టు ఆ నిలబడడం చూస్తే నాకు నవ్వొచ్చేది. చివర్లో, ఇద్దరికీ అర్థమైందని రాసిన కాగితం మీద మాత్రం ఆయన సొంత సంతకం. అది లేనిదే పెళ్ళి చెల్లదు.

ఒక ఉదయం ఒకావిడ ఓ ముసలాయన్ని చక్రాల కుర్చీలో తోసుకొచ్చింది. ఆవిడది ఇంగ్లీషు, ఆయనది జర్మన్. ఒకరి భాష ఒకరికి అరకొరగా తెలుసు. తొమ్మిదేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటున్నారు. ఆయన్ని రేపో మాపో ఆసుపత్రిలో చేర్చాలి. భార్య కాకపోతే ఆవిడను గది గుమ్మం దాటనివ్వరు.

అడిగినవాటన్నిటికీ ముసలాయన నవ్వుతూ "యా" అన్నాడు, అంటే అవునని. కలం తీసిన మామయ్య ఆగాడు. రిజిస్ట్రారు అనుమతి తీసుకుని, ముసలాయన పక్కన వంగి జర్మన్‌లో అడిగాడు.

"ఈవిడ ఎవరండీ?"

"యా."

"ఇవాళ ఇక్కడికి ఎందుకొచ్చారు?"

"యా."

"ఈయనకు అర్థం కావట్లేదండీ. నేను సంతకం పెట్టలేను," అన్నాడు మామయ్య. ఆ మాటే ఇంగ్లీషులోనూ చెప్పాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఒక్క గీత గీస్తే మామయ్య సొమ్మేం పోతుంది!

ఆవిడ అరవలేదు. ముసలాయన కోటు బొత్తాలు పెట్టింది. రిజిస్ట్రారు వైపు తిరిగి నాలుగు ముక్కలు అంది. మామయ్య ఒక్క మాటా మింగకుండా మన భాషలో చెప్పాడు.

"పోయిన నెల నేను ఈయన్ని తీసుకొచ్చాను. అప్పుడు ఈయనకు అన్నీ అర్థమయ్యేవి. మీ దుబాసీ సెలవులో ఉన్నాడని తిప్పి పంపారు."

ఆ తర్వాత ముసలాయన ముందు మోకాళ్ళ మీద కూర్చుని, అదే మాట ఆయనకు జర్మన్‌లో చెప్పాడు.