ఫ్లూటును మింగిన మిషన్

2022 వేసవి. నందిగామ బస్టాండుకి ఎదురుగా మందుల షాపు మీద, మొదటి అంతస్తులో నా క్లినిక్. బోర్డు మీద ఆడియాలజిస్ట్ అని పెద్ద అక్షరాలతో రాయించాను. వినికిడిని పరీక్షించి, తగిన సాయం చేసే వృత్తి అది. దానికి చదువుంది, పట్టా ఉంది. అయినా ఊళ్లో అందరికీ అది చెవి మిషన్ల కొట్టే. ఒక ఇ.ఎన్.టి. డాక్టరు నేను పక్కనే ఉండగా ఒక రోగితో, "పైకెళ్లు, అక్కడ అమ్ముతారు, ఏదోటి కొనుక్కో" అన్నాడు. ఆయన ఆ మాట మర్చిపోయి ఉంటాడు. నేను మర్చిపోలేదు.

ఆ వేసవిలోనే రజియా అనే టీచరు తన తండ్రిని తీసుకుని మెట్లెక్కి వచ్చింది. వాళ్లది వత్సవాయి. తండ్రి పేరు సైదులు. సినిమా వాళ్లు సైదులు మాస్టారు అనేవారట. నాకు ఆ పేరు తెలియదు. తెలియదన్నాను కూడా.

"తెలియకపోవటమే మంచిదిలే అయ్యా. తెలిసినోళ్లు చేసిందేముంది?" అన్నారు ఆయన నవ్వుతూ.

గదిలో కూర్చోబెట్టి చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, శబ్దం వినపడినప్పుడల్లా బటన్ నొక్కమన్నాను. ఈ పరీక్షలో మేం ఒక పని చేస్తాం. మధ్యమధ్యలో ఏ శబ్దమూ పంపకుండా ఊరుకుంటాం. కొందరు భయం కొద్దీ అప్పుడు కూడా నొక్కేస్తారు. దాన్ని ఫాల్స్ రెస్పాన్స్ అంటాం. అలా నొక్కేవాళ్ల ఫలితాలను పూర్తిగా నమ్మలేం. నేను శబ్దం ఆపి ఊరుకోగానే మాస్టారు హెడ్‌ఫోన్లు పక్కకి జరిపి, "ఏంటయ్యా ఊరికే కూర్చోబెట్టావు? ఇప్పుడేం పెట్టలేదుగా?" అన్నారు.

నా సర్వీసులో అలా అడిగిన మనిషి ఆయన ఒక్కరే.

ఫలితం మాత్రం బాగాలేదు. వినికిడిని గీత గీసి చూపే ఆడియోగ్రామ్‌లో, మంద్ర స్వరాల దగ్గర కాస్త నయంగా ఉన్న గీత పైస్థాయికి వెళ్లేసరికి బావిలోకి జారినట్టు జారిపోయింది. "మాటలు బాగా తెలిసేట్టు మంచి మిషన్ పెడతానండి" అన్నాను.

"మాటలెవరిక్కావాలి? ఇంట్లో మాట్లాడేది ఇదొక్కతే, దాని తిట్లు నాకు కంఠతా వచ్చు. నాకు ఫ్లూటు కావాలి."

"తిట్టేటట్టు చేసేదెవరు మరి?" అంది రజియా.

ఆయన కథ ఆమె చెప్పింది. ఆమె తాతది పెళ్లిళ్ల బ్యాండు, క్లారినెట్ వాయించేవాడు. మాస్టారు చిన్నప్పుడే వేణువు పట్టుకుని మద్రాసు వెళ్లారు. ఏళ్ల తరబడి ఎవరెవరి ఆర్కెస్ట్రాల్లోనో వెనక వరసలో కూర్చుని వాయించారు. తర్వాత ఓ పది సినిమాలకు సంగీత దర్శకుడయ్యారు. పాటలు పెద్దగా ఆడలేదు గాని రీరికార్డింగ్‌కి ఆయనే కావాలనేవారట. సినిమా తీసేశాక సీను వెనక నడిచే సంగీతం కూర్చటాన్ని రీరికార్డింగ్ అంటారు. ఆయన పద్ధతి ఏమిటంటే, అందరూ వయొలిన్లు హోరెత్తించే చోట ఈయన అన్నీ ఆపించేవారు. సీను నిశ్శబ్దంలో కాసేపు నలిగాక ఒకే ఒక్క ఫ్లూటు స్వరం వదిలేవారు. కంప్యూటర్లు వచ్చాక నిశ్శబ్దానికి నిర్మాతలు ఒప్పుకోలేదు. పిలుపులు ఆగిపోయాయి. వత్సవాయి వచ్చేశారు.

ఇన్నేళ్ల తర్వాత మన నందిగామ కుర్రాడే ఒకడు చిన్న సినిమా తీస్తూ, రీరికార్డింగ్ చేయమని ఆయన గుమ్మంలోకి వచ్చాడు. పేరు రాయను. డైరెక్టర్ అంటే చాలు. మాస్టారికి అదే చివరి అవకాశమని మా ముగ్గురికీ తెలుసు.

మిషన్ పెట్టాను. మాటలు చక్కగా తెలిశాయి. మాస్టారు సంచిలోంచి వేణువు తీసి, ఒక స్వరం పట్టి నిలిపారు. ముఖం పాలిపోయింది.

"ఇది మింగేస్తోందయ్యా. మొదలు వినపడుద్ది, అంతలోకే మింగేస్తది."

ఆయన చెప్పింది నిజం. చెవి మిషన్లో మైకు, స్పీకరు పక్కపక్కనే ఉంటాయి. స్పీకరు శబ్దం తిరిగి మైకులోకి దూరితే కూత వస్తుంది. ఆ కూతను పసిగట్టి నొక్కేసే ఏర్పాటు ఒకటి ఉంటుంది, ఫీడ్‌బ్యాక్ క్యాన్సిలర్ అని. సన్నగా, మారకుండా, నిలకడగా సాగే శబ్దమేదైనా దాని లెక్కలో కూతే. ఒక మనిషి జన్మంతా సాధన చేసి నిలిపిన స్వరం దానికి దోషంలా కనపడుతుంది.

కంపెనీకి రాశాను. అది సంభాషణ కోసం చేసిన మిషన్ అని, రోగికి సర్దిచెప్పమని జవాబొచ్చింది. మళ్లీ రాశాను. మళ్లీ అదే జవాబు, నా పేరు మాత్రం తప్పుగా. నేను వదలలేదు. ఆ ఏర్పాటును ఆపేశాను. ఆపితే కూత వస్తుంది కనుక, మాస్టారి చెవికి అచ్చు తీసి గాలి కూడా దూరనంత బిగువుగా మోల్డ్ చేయించాను. ఎండలకు చెమటపట్టి చెవి ఒరుసుకుపోయేది. ఆయన తీసేవారు కాదు.

విజయవాడలో రికార్డింగ్‌కి నన్ను కూడా రమ్మన్నారు. సీను ఇది. గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ఒకావిడ, లారీ మీద వెళ్లిన భర్త కోసం నిలబడి ఉంటుంది. ప్రతి లారీనీ చూస్తుంది. ఆఖరి లారీ కూడా వెళ్లిపోతుంది. దుమ్ము కిందకి దిగుతుంది. మాస్టారు అక్కడ అన్ని వాద్యాలూ ఆపించి, చెయ్యి పైకెత్తి అలాగే ఉంచారు. చెయ్యి దించారు. ఫ్లూటు లేచింది.

ఆయన నా వైపు తిరిగారు. కళ్లనిండా నీళ్లు. "వచ్చిందయ్యా. మొత్తం వచ్చింది."

నా వృత్తిలో నేను సుఖపడ్డ రోజు ఏదంటే ఆ రోజే చెప్తాను.

సినిమా జగ్గయ్యపేటలో విడుదలైంది. మార్నింగ్ షోకి మాస్టారు, రజియా, నేను వెళ్లాం. డైరెక్టర్ రాలేదు. టైటిల్స్‌లో సంగీతం అని ఆయన పేరు పడింది. రజియా చప్పట్లు కొట్టింది. వెనక ఎవరో, "ఈయనింకా ఉన్నాడా?" అన్నారు. మాస్టారికి అది వినపడలేదు.

మొదటి సీన్ల నుంచే నాకు అనుమానంగా ఉంది. అది మేం విన్న సంగీతం కాదు. గరికపాడు సీను వచ్చింది. లారీ వెళ్లింది. దుమ్ము దిగుతోంది. చీకట్లో మాస్టారి చెయ్యి మెల్లగా పైకి లేచింది. తెర మీద డ్రమ్ములు మొదలయ్యాయి. ఆయనకు ఏ చప్పుడో అందినట్టుంది, మిషన్ గోల అనుకున్నారో ఏమో, తల విదిలించారు. అయినా తను కట్టిన చోటే, తప్పకుండా, చెయ్యి దించారు.

ఫ్లూటు లేదు. సినిమా అంతటా లేదు. ఎవరో కంప్యూటర్ మీద కొట్టిన చప్పుడు ఉంది.

ఆయన నా భుజం పట్టుకుని, "మింగేసిందా?" అని అడిగారు.

నేను నోరు తెరిచాను. రజియా నా కన్నా ముందే ఆయన చెవి దగ్గరికి వంగి, "అవును నాన్నా, మిషనే. ఫ్లూటు బ్రహ్మాండంగా వచ్చింది. నీకే అందలేదు" అంది. చెబుతూ నా వైపు చూసిన చూపుకి నేను నోరు మూసుకున్నాను.

బయట సైకిల్ స్టాండు దగ్గర ఆమెతో గొడవ పడ్డాను. "నా పని మీద బురద చల్లుతావేంటమ్మా? ఆ మిషన్లో ఏ లోపం లేదు."

"నాకు తెలుసు సార్. తప్పు మిషన్ మీద పెడితే మిషన్‌ని తిడతాడు. మనుషుల మీద పెడితే మా నాన్న బతకడు."

డైరెక్టర్‌కి ఫోన్ చేశాను. "ఫ్లూటు పెడితే జనం సెల్‌ఫోన్లు చూసుకుంటారు సార్. పేరు మాత్రం ఉంచాం కదా, పెద్దాయన సంతోషపడతాడని" అన్నాడు. మాస్టారికి ఏం చెప్తావని అడిగాను. "ఏం చెప్పక్కర్లేదు సార్. ఎలాగూ వినపడదు కదా."

ఉత్తరాలు రాశాను, అతనికి, నిర్మాతకి, సినిమా సంఘానికి. జవాబు రాలేదు. మాస్టారికి తెలియకూడదని రజియా పట్టుబట్టడంతో నలుగురిలో నోరు విప్పలేకపోయాను.

మాస్టారు తిట్టనైనా తిట్టలేదు. మిషన్ డబ్బాలో పెట్టి నాకు పంపించేశారు. వేణువు అటక ఎక్కింది. ఎవరన్నా వాయించమని పిలిస్తే, "చెవే పోయాక సంగీతమేంది" అనేవారట. నేను వత్సవాయి వెళ్లి మళ్లీ పరీక్ష చేస్తానన్నాను. "వద్దులే అయ్యా. నీ తప్పేం లేదు. ఉన్న స్వరమే నాకు అందలేదు, నువ్వేం చేస్తావు" అన్నారు. నన్ను క్షమించారు. చేయని తప్పుకి క్షమ పొందడం ఎంత కష్టమో నాకు అప్పుడు తెలిసింది. ఊళ్లో మాత్రం, ఆ నందిగామ మిషన్ పెట్టుకోబట్టే సైదులు సంగీతం పోయిందన్న మాట నాకు ఇప్పటికీ వినపడుతూనే ఉంది.

నిరుడు ఆయన పోయారు. జగ్గయ్యపేటలో సంతాప సభ పెట్టారు. డైరెక్టర్ వచ్చి, దండ వేసి, మైకు పట్టుకున్నాడు. "ఆఖరి సినిమాకి మాస్టారు ప్రాణం పెట్టారు. తన ఫ్లూటు తనే వినలేకపోయారు. పాడు మిషన్" అని గొంతు పూడుకుపోయినట్టు ఆగాడు. జనం కళ్లు తుడుచుకున్నారు. నేను లేచి నిలబడ్డాను. మొదటి వరసలోంచి రజియా తల అడ్డంగా ఊపింది. కూర్చున్నాను.

గుమ్మం దగ్గర ఆమె నన్ను ఆపింది. "సార్, ఆయన పోయాడుగా. ఇప్పుడు రాసుకోండి. నా పేరుతో సహా రాయండి."

రాశాను. దీనివల్ల ఏం తిరిగి రాదని తెలుసు. ఆమె మీద కూడా నాకు కోపం తీరలేదు, ఆమె బాధ అర్థమైనా తీరలేదు.

ఈ కేసు నేర్పింది ఇదీ. నా గదిలో శబ్దం ఆపితే, "ఇప్పుడేం పెట్టలేదుగా?" అని నిలదీసిన మనిషి, థియేటర్లో నిజంగానే ఫ్లూటు పెట్టనప్పుడు ఆ మాట అడగలేకపోయాడు. ఆ వేళ హాల్లో ఆయన సరిగ్గానే విన్నారు. లేని ఫ్లూటు ఆయనకు వినపడలేదు, అంతే. ఆ చెవి తప్పని ఆయన చేతే ఒప్పించాం. ఇప్పుడు ఎవరన్నా వచ్చి తమకు ఫలానాది వినపడటం లేదంటే, చెవిలోకి చూడకముందు అడుగుతున్నాను, అక్కడ ఆ శబ్దం ఉందని మీకు ఎవరు చెప్పారని.