తప్పు పథ్యానిది కాదు

నారాయణఖేడ్‌లో ఉండే సాలమ్మ ఊరూరి వారపు అంగళ్లలో కూరగాయలు అమ్మేది. 2009 వానాకాలంలో కల్హేర్ అంగడికి పోతుండగా ఆటో బోల్తా పడి, ఆమె కుడికాలు మోకాలి కింద విరిగింది. పట్నంలో ఒక దవాఖానలో ఆపరేషన్ చేసి ఎముకలో రాడ్డు వేశారు.

మొదట బాగానే ఉంది. రేపో మాపో ఇంటికి పంపుతారనుకుంటుండగా చలిజ్వరం వచ్చింది. కట్టు విప్పితే కుట్ల నుంచి చీము కారుతోంది. పక్క మంచం మీది మసూదాకూ అదే జ్వరం. తుంటి విరిగి వచ్చిన పెద్దావిడ ఆమె. కర్ర పట్టుకుని నాలుగడుగులు వేసి నవ్విన మనిషి, విషం రక్తంలోకి పాకి ప్రాణం విడిచింది.

సాలమ్మను చూడటానికి వచ్చిన అత్త పోశమ్మ మంచం దగ్గరే నిలబడి అంది: "వంకాయ కూర తిన్నవంట గదా! చీము పట్టదా మరి? పథ్యముండుమంటే ఇంటివా?"

భర్త బీరప్ప మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు. అదే సాలమ్మను ఎక్కువ బాధపెట్టింది. తిన్న మాట నిజమే. తన కాలు తానే పోగొట్టుకుంటోందా అని ఆమెకూ లోలోపల భయం.

డాక్టర్ అరుణజ్యోతి రాగానే సాలమ్మ నేరుగా అడిగేసింది.

"డాక్టరమ్మా, నేను వంకాయ తిన్న. గందుకే చీమొచ్చిందా?"

"కాదమ్మా. తిండికీ దీనికీ సంబంధం లేదు. ఈ క్రిమి నీకు ఈ వార్డులోనే అంటింది. మసూదాకు పట్టిందీ ఇదే. ఒకరి పుండు ముట్టిన చేతులు కడుక్కోకుండా ఇంకొకరిని ముట్టుకుంటే ఇట్లనే పాకుతది. తప్పు మాది."

"గీ మాట మావోళ్ల ముందర చెప్పు."

అరుణజ్యోతి వాళ్లను పిలిచి, మళ్లీ మొదటి నుంచి చెప్పింది. "మాకేమెరుక బిడ్డా" అని పోశమ్మ గొణిగింది. బీరప్ప వచ్చి భార్య పక్కన కూర్చున్నాడు.

"రాడ్డు తీసెయ్యాలె. అప్పటికీ తగ్గకపోతే కాలు తియ్యాల్సొస్తదేమో" అంది డాక్టర్.

"ముందుగాల రాడ్డు తియ్యి. కాలు ఇయ్యనీకె నేనింకా ఒప్పుకోలె."

మళ్లీ కోసి, రాడ్డు తీసి, ఎముక కడిగి, బయట నుంచి ఇనుప కడ్డీలు బిగించారు. వారాల తరబడి సూదిమందులు. కట్టు మార్చడానికి ఎవరొచ్చినా సాలమ్మ కాలు మీద దుప్పటి గట్టిగా పట్టుకునేది.

"చేతులు కడిగి ముట్టు."

"ఇప్పుడే కడిగిన" అన్నాడొకడు.

"నేను చూడలె. మళ్ల కడుగు."

అతను విసుక్కుంటూనే కడిగాడు. అది చూసి, మిగతా మంచాల వాళ్లూ అడగడం మొదలుపెట్టారు. అరుణజ్యోతి పట్టుబట్టి వార్డు మధ్యలో సబ్బు, నీళ్లు పెట్టించింది.

కాలు నిలిచింది గానీ పొట్టిదైంది. ఎత్తు మడమ చెప్పుతో నడక నేర్చుకోవడానికి ఏడాది దాటింది. తలమీద గంప ఎత్తుకోవడం ఇక కుదరలేదు. గంపలు బీరప్ప మోశాడు. బేరం ఆమె చేసింది.

మళ్లీ కల్హేర్ అంగడికి బయలుదేరిన రోజు ఆటోలోకి ఎక్కించబోయి బీరప్ప చెయ్యి చాచాడు.

"జరుగు, ఎక్కుత" అంది సాలమ్మ. ఆటో కడ్డీ పట్టుకుని, పళ్లు బిగించి, ముందు కుడికాలే పైకి పెట్టింది.