అడ్తి దుకాణంలో నా సర్వర్

శనివారం, అమావాస్య. గంజ్ బంద్. హాజరైనవారు: మామ, అత్త, పెద్ద గుమాస్తా, నేను. గైర్హాజరు: కరెంటు (ఆలస్యంగా వచ్చి చేరింది).

నా డైరీలో ఆ రోజు పేజీ ఇలా మొదలవుతుంది. ఆ రోజుల్లో కంప్యూటర్ పత్రిక కొంటే లినక్స్ సీడీ ఊరికే వచ్చేది. దాన్ని వాడటం తెలిసినవాడు మాత్రం రాయచూరులో ఊరికే దొరికేవాడు కాదు. నాకు ముప్ఫై దాటాయి, నెత్తిన జుట్టు పలచబడుతోంది. అయినా పత్తి బేరాలు సాగే గంజ్‌లో, రైతుల పత్తిని కమీషన్ మీద అమ్మిపెట్టే మా మేనమామ అడ్తి దుకాణంలో నేను ఇంకా పోరణ్ణే. దుకాణంలో రెండు కంప్యూటర్లుండేవి, ఒకటి ముందర మామ కూర్చునే గద్దె పక్కన, ఇంకొకటి వెనక గోదాములో. ఏ రైతు పత్తి ఎంత తూగింది, ఏ ధర పలికింది అన్నది చెప్పడానికి పెద్ద గుమాస్తా గోదాముకూ గద్దెకూ మధ్య రోజంతా తిరుగుతూనే ఉండేవాడు. ఆయన మోకాళ్ళ చప్పుడు విని మామ "తూకం అయినట్టుంది" అనేవాడు.

ఆ మోకాళ్ళను కాపాడాలని నాకు బుద్ధి పుట్టింది. గోదాము కంప్యూటర్‌లో లినక్స్ ఎక్కించి, దాన్ని సర్వర్‌గా చేస్తే, గుమాస్తా అక్కడ రాసింది ముందరి కంప్యూటర్‌లో ఒక పేజీగా కనపడుతుంది. శక్తినగర్ థర్మల్ ప్లాంటు క్వార్టర్స్‌లో ఉండే మిత్రుడొకడు చేయవలసినదంతా వరుసగా చెప్పాడు. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు పరుగెత్తుతుంటే, వాటిలో సగం నాకు అర్థం కాకపోయినా, పురోహితుడి పక్కన కూర్చున్న పెళ్ళికొడుకులా అన్నిటికీ తలూపేవాణ్ణి.

మామకు ఇదంతా కాలక్షేపంగా కనపడింది. "అమాస దాక సూస్త. ఆ డబ్బాతోని పనైతే సరే, లేకుంటే దాన్ని అమ్మేస్త. నువ్వు కవితాళ పోయి మీ నాయన చేన్ల పత్తి కాపలుండు" అన్నాడు. నాన్న చేనంటే నాకు గౌరవమే. అక్కడి ఎండంటేనే గిట్టదు.

అమావాస్య రానే వచ్చింది. కరెంటు కూడా వచ్చాక మామను గద్దె మీద కూర్చోబెట్టి, గోదాములో గుమాస్తాను కీబోర్డు ముందు కూర్చోబెట్టాను. ఆయన నిన్నటి సరుకు రాశాడు. ముందరి తెర మీద పేరు, తూకం, రేటు బార్లు తీరి కనపడ్డాయి. (రాసిన సంగతి చెప్పడానికి గుమాస్తా అలవాటు కొద్దీ నడిచి ముందుకు వచ్చాడు.) మామ ముఖంలో నవ్వు మొదలైంది, సగంలోనే ఆగిపోయింది. భుజం మీది రుమాలు తీసి గబుక్కున తెర మీద కప్పేశాడు.

గంజ్‌లో పాత బేరగాళ్ళు రేటు నోటితో చెప్పరు. రుమాలు కింద చేతిలో చేయి పెట్టి, వేళ్ళు నొక్కి చెప్పుకుంటారు. పక్కవాడికి కనపడేది రెండు మోచేతులే. అట్లాంటి మనిషి ముందు నేను రేటును తెరకెక్కించాను.

"ఇది ఎవరెవరికి కనవడ్తదిరా?"

"మన రెండు కంప్యూటర్లల్లనే మామా. లోకల్ సర్వర్. గోడ దాటదు."

"ఇంటర్నెట్టు లోకమంత సూస్తదంటరు గద?"

"ఇది ఇంటర్నెట్టు కాదు మామా. సూపెట్టే తీరే ఒకటి."

"తీరొకటైతే దొంగ గూడ ఒకడే" అని, పేజీ తెరవడానికి కొట్టిన అంకెలను చీటీ మీద రాయించుకుని, జేబులో పెట్టుకుని బయటికి నడిచాడు. ఎక్కడికో చెప్పలేదు.

తిరిగి వచ్చినవాడు చెప్పులు కూడా విడవకుండా గోదాములోకి పోయి ప్లగ్గు పీకేశాడు. "బజార్ల వడ్డది నా రేటు! స్టేషన్ రోడ్డు మీద ఇంటర్నెట్ అంగడ్ల ఈ అంకెలు కొట్టిచ్చిన. 'బంతు నోడ్రీ యజమాన్రే' అన్నడు వాడు. వచ్చింది సూడుమంటడురా నాతోని! నా కండ్లతోని సూసిన, బార్లు బార్లు!"

నా కళ్ళ ముందు కవితాళ చేను మెదిలింది. "మనది ఇప్పుడు బందుంది గద మామా, ఇంకొక్కసారి పోయి సూద్దాం" అని బతిమాలి తీసుకుపోయాను. అక్కడ అవే అంకెలు కొడితే పేజీ వచ్చింది. అంగడివాడు తన కంప్యూటర్లన్నిటికీ కలిపి పెట్టుకున్న సినిమా పాటల పట్టిక అది. ఇంగ్లీషు చదవని మామకు వరసలు వరసలే. మన పేజీ అయితే ప్లగ్గు పీకాక రాదు గదా అన్నాను.

"అదే నేనంటున్న. ప్లగ్గు వీకినా ఆగలే! ఎంత దూరం వోయిందో!"

దారంతా చెబుతూనే ఉన్నాను, ఈ అంకెలు ఎవరైనా తమ నాలుగు గోడల మధ్య వాడుకోవచ్చని, ఎవరివి వాళ్ళ ఇంటివరకేనని. ఇంటికొచ్చి చాయ్ తాగుతూ కూడా మామ తల అడ్డంగానే ఊపుతున్నాడు. గిన్నెలు సర్దుతున్న అత్త ఇక ఓర్చుకోలేకపోయింది.

"గంజ్‌ల దుకాణానికొక గల్లా ఉంటది గద. 'పోయి గల్లాల సూడు' అని నువ్వంటే, గుమాస్తా పక్కోని గల్లాల చెయ్యి వెడతడా? మీదొక్కటే గల్లా అనుకుంటున్నవా ఏంది?"

మామ చాయ్ కింద పెట్టాడు. "గట్లనా!" అన్నాడు. నేను పొద్దుటి నుంచి చెప్పింది ఒక్క ముక్క తలకెక్కలేదు, అత్త మాట ఒక్కసారికే ఎక్కింది. లేచి దుకాణానికి పోయి, తాను పీకిన ప్లగ్గు తానే పెట్టాడు.

ఇప్పుడు ఆలోచిస్తే నాకు ఆశ్చర్యం కలిగేది ఆయన అనుమానానికి కాదు, ఆయన నడకకు. అర్థం కాని వస్తువును అమ్మి పారేయడం తేలిక. ఆయన మాత్రం ఆ ఎండలో రెండుసార్లు స్టేషన్ రోడ్డు దాకా నడిచి వచ్చాడు. తర్వాత నేను తిన్న ప్రతి ముద్ద వెనకా ఆ నడక ఉంది.

మరునాడు పొద్దున దుకాణానికి పోయేసరికి, పక్క దుకాణం సేఠ్ మా గద్దె మీద కూర్చుని తెరకేసి చూస్తున్నాడు. ఆయన వంక చూపించి మామ, "ఈయనకు గూడ గిట్లాంటిదొకటి వెట్టియ్యిరా. అంకెలు మాత్రం వేరే వెట్టు" అన్నాడు.

"అవే పెట్టినా ఏం కాదు మామా."

"తెలుసురా, మీ అత్త చెప్పింది గద. అయినా వేరే వెట్టు."

వేరేవే పెట్టాను. రిటైరయ్యేదాకా ఎన్ని దుకాణాలకు పెట్టానో, ఏ ఇద్దరికీ ఒకే అంకెలు ఇవ్వలేదు. అవసరం లేదని నాకు బాగా తెలుసు. మామతో సరేనన్నాను కదా.