పిట్స్‌బర్గ్ కొండ మీద సింహాచలం చందనం

1982 అక్టోబరులో ఈ ప్రయాణం చేశాను. పిట్స్‌బర్గ్ శివార్లలోని వెంకటేశ్వరుడి గుడిలో, ఆదివారం తరగతి పిల్లలకు ఏదైనా ప్రాచీన దేవాలయం గురించి చెప్పమని అడిగారు. మాది విశాఖపట్నం కనుక సింహాచలం అన్నాను. ఒప్పుకున్నాక భయం పట్టుకుంది. కాన్వెంటులో ఎప్పుడూ చివరి బెంచీయే నాది, చేతిలో పుస్తకం ఉంటే చాలు.

నేనుండే కొలంబస్‌లో ఉదయం ఆరింటి బస్సెక్కితే పదిన్నరకు పిట్స్‌బర్గ్. టికెట్టు పద్దెనిమిది డాలర్లు. అక్కణ్ణుంచి గుడికి బస్సు సౌకర్యం లేదు, ఎవరైనా కారులో తీసుకెళ్లాల్సిందే. పిల్లల తరగతులు చూసుకునే ప్రసాదరావుగారు వచ్చారు. దారి పొడవునా కొండలన్నీ ఎర్రటి ఆకులతో ఉన్నాయి. ఆయన చూపు మాత్రం రోడ్డు మీదే.

“ముందే చెప్తున్నానమ్మా. మావాళ్లు పది నిమిషాలు కూర్చుంటే గొప్ప. తర్వాత అందరూ పింగ్‌పాంగ్ టేబుల్ దగ్గరే. ఇవాళా అంతే అయితే కమిటీ ఈ క్లాసు ఆపేసి వీడియో పెట్టేస్తుంది.”

గుడి కింది హాల్లో పాతికమంది పిల్లలు. నేను తెచ్చుకున్న ధైర్యమంతా స్లయిడ్లలోనే ఉంది. రెండో బొమ్మకే ప్రొజెక్టర్ బల్బు పోయింది. వెనక వరసలో ఇద్దరు లేచారు. నేను పైకి వెళ్లి, అర్చకుల దగ్గర సాన, గంధపు చెక్క, చెంబుతో నీళ్లు అడిగి తెచ్చి, నేల మీద కూర్చుని గంధం తీయడం మొదలుపెట్టాను. లేచినవాళ్లు దగ్గరకొచ్చి నిలబడ్డారు.

సింహాచలంలో స్వామి ఏడాదంతా ఈ పూత కిందే ఉంటాడని, వైశాఖంలో ఒక్కరోజే నిజరూపం చూపిస్తాడని చెప్పాను. చోళుల కాలం నాటి శాసనం అక్కడుందని, తూర్పు గాంగులు ఆ గుడిని ఘనంగా తిరిగి కట్టించారని చెప్పాను. తర్వాత విజయనగరం నుంచి రాయలు దండెత్తి వచ్చి, ఆ నేలను ఏలే గజపతుల్ని ఓడించి, కొండెక్కి స్వామికి నగలు, ఊళ్లు ఇచ్చి వెళ్లాడన్నాను. చెక్క అప్పటికి నా చేతిలో లేదు. పిల్లలు వంతులవారీగా అరగదీస్తున్నారు.

లత అనే పదేళ్ల అమ్మాయి చెయ్యి ఆపింది. “ఆంటీ, కింగ్ విన్ అయ్యాడు కదా? మరి ఎనిమీ టెంపుల్‌కి గోల్డ్ ఎందుకు ఇచ్చాడు?”

నన్ను ఆంటీ అనడం అదే మొదటిసారి. “అది శత్రువు గుడి అనుకోలేదమ్మా. తన గుడే అనుకున్నాడు.”

లత మళ్లీ అరగదీయడం మొదలుపెట్టింది. పక్కనున్న పిల్లాడు తన టర్న్ ఎప్పుడని గొడవ. వంటాయన రెండుసార్లు పిలిచినా పులిహోరకి ఎవరూ కదల్లేదు. పింగ్‌పాంగ్ టేబుల్ మీద ప్రసాదరావుగారొక్కరే కాళ్లూపుతూ కూర్చుని ఉన్నారు.

సాయంత్రం బస్సు దగ్గర ఆయన అన్నారు: “వచ్చే నెల ద్రాక్షారామం చెప్పమ్మా. బల్బు మార్చొద్దంటావా?”

తిరుగుప్రయాణంలో పుస్తకం తెరవలేదు. చేతులు ముక్కు దగ్గర పెట్టుకుని కూర్చున్నాను. రాజులు ఇచ్చినవి అంతవరకూ నాకు శాసనాల్లోని మాటలు. ఆ రోజు నా గొంతులోంచి బయటికొచ్చి, పాతికమంది అరచేతులకు అంటుకున్నాయి. నాకది పట్టాభిషేకమే.

మీరూ ఇలాంటి పనికి వెళ్తుంటే గంధపు చెక్క ఒకటి సంచిలో వేసుకోండి. సాన మోయక్కర్లేదు, గుడిలో అడిగితే ఇస్తారు.