పిట్ట ముట్టిన పెత్రమాస

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. మా కొత్తవాడలో ఎవరికైనా గాలి సోకిందంటే, ముందు కడుపునిండా తిండి పెట్టండి, భూతవైద్యుణ్ని తర్వాత పిలవండి అని ఎగతాళి చేసేవాణ్ని. ఇప్పటికీ చేస్తాను. ఈ ఒక్క సంగతి దగ్గర మాత్రం నా నోరు మూతపడుతుంది.

పరాయి దేశం పోయి సేవ చేసి వచ్చావు గదా, ఏం నేర్చుకున్నావని వాడలో వాళ్లు అడుగుతుంటారు. నీళ్లు మరగబెట్టి తాగడం నేర్చుకున్నానని చెప్పి తప్పించుకుంటాను. చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను.

యుద్ధం ముగిసిన మరుసటి ఏడు. నూలు మీద కంట్రోలు ఉండటంతో మా వాడలో సగం మగ్గాలు ఖాళీగా ఉన్నాయి. రంగూన్ శిబిరాల్లో మన తెలుగు కూలీలు దిక్కులేక పడి ఉన్నారనీ, వాళ్ల భాష వచ్చిన మనుషులు కావాలనీ హనుమకొండలో ఒక డాక్టరు చెప్పాడు. నేను పేరిచ్చాను. నాతోపాటు వెంకటి కూడా ఇచ్చాడు. వెంకటి నా చిన్ననాటి స్నేహితుడు, పైగా నా సడ్డకుడు. అంటే నా భార్య రాజవ్వ చెల్లెలి మొగుడు.

కాజీపేట స్టేషన్‌లో రాజవ్వ నాతో కాదు, వాడితో మాట్లాడింది.

"తమ్మీ, ఈయనకు తన పానం మీద సోయి ఉండది. నువ్వే జర చూసుకో."

"ఫికర్ చెయ్యకు వదినె. ఇద్దరం పోతానం, ఇద్దరమే వస్తం" అన్నాడు వెంకటి.

మూడు నెలలు ఇద్దరం కలిసే పనిచేశాం. రోగులను ఎత్తి పడుకోబెట్టడం, నీళ్లు మోయడం, ఊళ్లకు ఉత్తరాలు రాసిపెట్టడం. తర్వాత నాకు జ్వరం తగులుకుంది. టైఫాయిడ్ అన్నారు. రెండు వారాలైనా దిగలేదు.

ఒక పొద్దున వెంకటి వచ్చి నా మంచం మీద కూర్చున్నాడు. "పండుకో, గంజి తెస్త" అని లేచిపోయాడు. నా తల కింది సంచి కూడా తీసుకుపోయాడు. ఎవరైనా ఎత్తుకుపోతారని జాగ్రత్త చేస్తున్నాడనుకున్నాను. సాయంత్రం దాకా ఆ గుడారం గుమ్మం వైపే చూశాను. మర్నాడు కాంపౌండర్ చెప్పాడు, నిన్నటి మద్రాసు ఓడలో వెంకటి పోయాడని.

నేను తినడం మానేశాను. శిబిరంలో బట్టలుతికే ఒక బర్మా ముసలమ్మ రోజూ చెంచాతో గంజి పోసేది. సగం పెదవుల మీంచి కారిపోయేది. నేను ఎవరికి నీళ్లు పోయడానికి సముద్రం దాటానో, ఆ కూలీలే నా నోట్లో నీళ్లు పోశారు. నా వాడవాడే నన్ను వదిలి పోయాడు.

ఒకనాటి మధ్యాహ్నం. వాన తెరిపిచ్చి ఎండ బాగా కాస్తోంది. ఉన్నట్టుండి నా నోట్లో సర్వపిండి రుచి తెలిసింది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు కలిపి, గిన్నెకు అద్ది కాల్చే మా ఇంటి సర్వపిండి. అదీ అడుగు మాడింది. పంటి కింద ఆ చేదు తగిలింది. నమిలాను, మింగాను. కడుపులో బరువు తెలిసింది.

అప్పుడే చెవి పక్కన వెంకటి గొంతు వినిపించింది. "అక్కడ్నే ఉండు మల్లేశా. ఇగ రాకు."

తల తిప్పి చూశాను. బట్ట పిండుతున్న ముసలమ్మ తప్ప ఎవరూ లేరు. ఆ సాయంత్రం నోరు తెరిచి అన్నం అడిగాను. డాక్టరు ఆశ్చర్యపోయి ఆ సంగతి తేదీ వేసి నా మంచానికి కట్టిన కాగితంలో రాశాడు. ఆ కాగితం ఇంకా నా దగ్గరుంది.

రెండు నెలల తర్వాత వాడకు చేరాను. వీధిలో పడుగు దారాలకు గంజి పెడుతున్నవాళ్లు నన్ను చూసి కుంచెలు పడేసి పరుగెత్తారు. నాకు నవ్వొచ్చింది. గడపలో రాజవ్వను చూశాక ఆగిపోయింది. ఆమె చేతులకు గాజుల్లేవు. నుదుట బొట్టు లేదు.

వెంకటి నా సంచి చూపించి, నేను చనిపోయానని చెప్పాడట. నేను వచ్చిన కబురు విని వాడు పరుగెత్తుకొచ్చి నా కాళ్ల మీద పడ్డాడు. "అక్కడోళ్లు నువ్వు పోయినవన్నరురా! గన్ని పీనుగులల్ల నిన్ను గుర్తు వట్టలే" అని భోరున ఏడ్చాడు. అందరూ నమ్మారు. నిజం చెప్పాలంటే నాకూ నమ్మాలనే ఉంది. నేను స్పృహలో లేనప్పుడు వాడు గంజి తెచ్చాడేమో, మంచం మారిందేమో అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. కులపెద్దలు, చచ్చి మళ్లీ పుట్టినట్టు లెక్కగట్టి, నాకు మళ్లీ పేరు పెట్టించి, రాజవ్వకు మళ్లీ తాళి కట్టించారు.

కొన్నాళ్లకు రాజవ్వ నాకు చేసిన కర్మకాండ సంగతి చెప్పింది. మాలో మనిషి పోయిన మూడోనాడు, పోయినవాడికి ఇష్టమైనవి వండి ఊరి బయట పెడతారు. కాకి ముట్టేదాకా ఇంట్లోవాళ్లు ముద్ద ముట్టరు. దాన్నే పిట్ట ముట్టుడు అంటారు. కాకి రాకపోతే, పోయినవాడికి ఏదో కోరిక మిగిలిందని లెక్క. అయినవాళ్లు ఒక్కొక్కరే ముందుకెళ్లి మాట ఇవ్వాలి. కబురు అందిన నాటి లెక్కన నా మూడోనాడు పెత్రమాస రోజున, అంటే పితృదేవతల అమావాస్యనాడు పడింది. ఖిలా మట్టికోట అవతల ఒక బండ మీద పెట్టారు. మగ్గం నడుపుతానని తమ్ముడు మాట ఇచ్చాడు. అత్తను సాకుతానని రాజవ్వ ఇచ్చింది. కాకి కోట మీదే కూర్చుంది. పొద్దు నడినెత్తికి వచ్చింది. చివరికి వెంకటి పోయి చేతులు జోడించి నిలబడ్డాడు.

"ఏం మొక్కిండో ఎవ్వలకు ఇనవడలే. గప్పుడే దిగి ముట్టింది" అంది రాజవ్వ. తర్వాత తల దించుకుంది. "ఆనాడు ఏడ్సుకుంట సర్వపిండి మాడగొట్టిన. మల్ల చేసే ఓపిక లేక గదే పెట్టిన."

 డాక్టరు తేదీ వేసిన కాగితం తీసుకుపోయి, ఎందుకో చెప్పకుండా, పంతులు చేత పంచాంగం చూపించాను. ఆ తేదీ పెత్రమాసే. తమ్ముణ్ని విడిగా అడిగాను. సర్వపిండి అడుగు నల్లగా ఉందన్నాడు.

వెంకటి ఇంటికి పోయాను. గుంట మగ్గంలో కూర్చుని నేస్తున్నాడు. ఓడ గురించి అడగలేదు. సంచి గురించి అడగలేదు.

"పెత్రమాస నాడు పిట్ట ముందల నువ్వన్న మాట చెప్పాల్నా?" అని, నేను విన్నది విన్నట్టు చెప్పాను.

పోగుల మధ్య అటూ ఇటూ తిరిగే నాడె ఆగిపోయింది. నీకెవరు చెప్పారని వాడు అడగలేదు. కాదనలేదు. నాడె పక్కన పెట్టి, "నేను నోరు ఇప్పలేదురా. మనసులనే అనుకున్న" అన్నాడు.

వాడు నన్ను వదిలి వచ్చింది భయంతో. ఆ శిబిరాల్లో ఆ భయం నేనూ పడ్డాను, దాన్ని మన్నించగలను. కానీ నేను బతికున్నానని తెలిసీ, నా భార్య ఏడుస్తూ వండిన తిండి ముందు చేతులు జోడించి, నన్ను రావద్దని మొక్కుకున్నాడు. దాన్ని మన్నించలేకపోయాను. బయటపెడితే రాజవ్వ చెల్లెలి కాపురం కూలుతుంది. అందుకని మింగేశాను.

జ్వరంలో ఏవేవో వినిపిస్తాయంటారు. నిజమే. కానీ సర్వపిండి మాడిన సంగతి జ్వరానికెలా తెలుస్తుంది?

రాజవ్వ ఇప్పటికీ అందరికీ చెబుతుంది, మా మరిది మొక్కు వల్లనే నా మొగుడు తిరిగొచ్చిండని. నేను కాదనను. ఆనాడు నన్ను మంచం మీంచి లేపింది ఆమె పెట్టిన ముద్దో, వాడు రావద్దన్న మాటో, నాకే తెలియదు.