మందు అన్న మాట

నా చిన్నప్పుడు మా ఇంట్లో జ్వరానికి పట్టేదీ మందే, జీడిమామిడి తోటలో పురుగుకి కొట్టేదీ మందే. మాది నర్సీపట్నం నుంచి రావికమతం వెళ్ళే దారిలో ఒక ఊరు. నాకు తొమ్మిదేళ్ళు, తమ్ముడికి మూడు.

పూత దిగే రోజుల్లో తమ్ముడికి జ్వరం వచ్చింది. అమ్మ వాణ్ణి ఒళ్ళో వేసుకుని, "మందు సీసా బేగి పట్టుకురాయే" అంది. గూట్లో కనిపించిన సీసా తెచ్చి ఇచ్చాను. తోటకి కొట్టగా మిగిలిన మందును నాన్న పాత టానిక్ సీసాలో పోసి అక్కడ పెట్టిన సంగతి మా ఇద్దరికీ తెలియదు. జలుబుతో అమ్మకి వాసన కూడా తెలియలేదు. చెంచాతో పట్టింది. నర్సీపట్నం ఆసుపత్రికి చేరేలోపే, ఎడ్లబండిలోనే, తమ్ముడు పోయాడు.

నన్నెవరూ కొట్టలేదు. అమ్మ మాత్రం నా వైపు చూడటం మానేసింది. నాన్న తోటకి వెళ్ళడం మానేశాడు. పరామర్శకొచ్చిన ఒకావిడ అరుగు మీద, "సీసా తెచ్చింది ఈ పిల్లే కదేటి" అని అందరి ముందూ అడిగింది. నేను మళ్ళీ బడికి వెళ్ళలేదు.

పదిహేను రోజులకి మా ఇంగ్లీషు మేష్టారు వచ్చారు. అమ్మ గుమ్మం లోపల గోడకి ఆనుకుని ఉంది. ఆయన నా పలక తెప్పించి రెండు మాటలు రాశారు: పాయిజన్, పోషన్.

"ఒకటి విషం, ఒకటి వైద్యుడిచ్చే మందు. రెండూ ఒక తల్లి పిల్లలే. లాటిన్‌లో తాగేదానికి ఒక మాట ఉండేది. అది ఫ్రెంచి వాళ్ళ నోట్లో పడి రెండుగా చీలింది. మొదట్లో పాయిజన్ అన్నా తాగే మందే. పోనుపోను విషమైంది. ఇంగ్లీషువాళ్ళు రెంటినీ తెచ్చుకున్నారు."

అమ్మ లోపలి నుంచి, "సదువుకున్నోళ్ళకి కూడా రెండూ ఒక్క మాటేనేటి మేష్టారూ?" అంది.

"ఒక్కటేనమ్మా. నువ్వు మందు తెమ్మన్నావు. పిల్ల మందే తెచ్చింది."

అమ్మ నన్ను దగ్గరికి పిలిచి, నా తల భుజానికి అదుముకుని ఏడ్చింది. తమ్ముడు పోయాక ఆవిడ ఏడవడం నేను చూసింది అప్పుడే.

అమ్మ బతికినన్నాళ్ళూ మా మధ్య మళ్ళీ ఆ సీసా మాట రాలేదు. ఇప్పుడు నాకు అరవై దాటాయి. ఎవరింట్లో ఇలాంటి చావు జరిగినా, ఎవరి చేతి మీదుగా జరిగిందని నేను అడగను. ఆ చేతులు ఎవరివో తెలిస్తే మాత్రం, వెళ్ళి వాళ్ళ పక్కనే కూర్చుంటాను.